యూనేమ్ భరోసాతో రాసిన బిల్డ్ స్క్రిప్టులు: ఏళ్ల తరబడి వాడాక

బిల్డ్ స్క్రిప్టు ఏ ఓఎస్ మీద నడుస్తోందో తెలుసుకోవడానికి వాడే కమాండ్ యూనేమ్. "యూనేమ్ -ఎస్" చెప్పేది కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) పేరు, అంతే. లినక్స్‌లో లినక్స్ అంటుంది, మ్యాక్‌లో డార్విన్ అంటుంది. విండోస్‌లో వాడే గిట్ బ్యాష్‌ షెల్‌లో మాత్రం మింగ్‌డబ్ల్యూ64_ఎన్‌టీ పక్కనే విండోస్ వెర్షన్ నంబరు అతుక్కుని వస్తుంది కాబట్టి, పేరును బట్టి దారి ఎంచే కేస్ బ్లాకులో పేరు చివర స్టార్ గుర్తు పెట్టి పోల్చాలి. విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ కూడా లినక్స్ అనే చెబుతుంది. తేడా తెలియాలంటే కెర్నల్ వెర్షన్ చెప్పే "యూనేమ్ -ఆర్"లో మైక్రోసాఫ్ట్ అన్న మాట వెతకాలి. డబ్ల్యూఎస్‌ఎల్ 1లో ఆ మాట పెద్ద ఎమ్‌తో, 2లో చిన్న ఎమ్‌తో ఉంటుంది. వెతికే కమాండ్ గ్రెప్‌కు -ఐ (పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడొద్దనే ఆప్షన్) మరిచిపోతే సగం మెషీన్లు జారిపోతాయి.

ఇంతవరకు బాగానే పనిచేస్తుంది. చిక్కంతా కెర్నల్ పేరు చూసి టూల్స్ ఏవో ఊహించడంలోనే. ప్యాకేజీలు పెట్టే హోమ్‌బ్రూతో జీఎన్‌యూ సెడ్ (ఫైల్లో మాటలు మార్చే టూల్, మ్యాక్‌తో వచ్చేది వేరే రకం) పెట్టుకుని దాన్నే పాత్‌లో ముందుంచిన మ్యాక్‌లో, డార్విన్ కోసం రాసిన "సెడ్ -ఐ" పక్కన ఖాళీ కోట్స్ వరస విరిగిపోతుంది: జీఎన్‌యూ సెడ్ ఆ ఖాళీ కోట్స్‌నే స్క్రిప్టు అనుకుంటుంది, అసలు స్క్రిప్టును ఫైలు పేరు అనుకుంటుంది. -ఐకి ఖాళీ లేకుండా .బ్యాక్ తగిలించి, పనయ్యాక ఆ ఫైలు తీసేస్తే రెండు రకాల సెడ్‌లోనూ నడుస్తుంది, ఓఎస్ అడగాల్సిన పనే లేదు. కోర్ల సంఖ్యకూ అంతే. మ్యాక్‌లో ఆ సంఖ్య చెప్పే ఎన్‌ప్రాక్ కమాండ్ ముందుగా ఉండదు. "గెట్‌కాన్ఫ్ _ఎన్‌ప్రాసెసర్స్_ఓఎన్‌ఎల్‌ఎన్" రెండు చోట్లా జవాబిస్తుంది.

ప్రాసెసర్ రకం చెప్పే "యూనేమ్ -ఎమ్" ఇంకా మాయదారిది. అదే ఆర్మ్ చిప్‌ను మ్యాక్ ఆర్మ్64 అంటుంది, లినక్స్ ఏఆర్క్64 అంటుంది. ఆర్మ్ మ్యాక్‌లో ఇంటెల్ ప్రోగ్రాములు నడిపే రొజెట్టా కింద తెరిచిన టెర్మినల్ ఎక్స్86_64 అని చెప్పేస్తుంది. 64 బిట్ కెర్నల్ మీద 32 బిట్ కంటైనర్ నడుపుతున్నా 64 బిట్ పేరే వస్తుంది. అక్కడ "గెట్‌కాన్ఫ్ లాంగ్_బిట్" చూడడం మేలు.

షెల్ సంగతి ఒక్క ముక్కలో: మ్యాక్‌తో వచ్చే బ్యాష్ ఇప్పటికీ 3.2, అసోసియేటివ్ ఎర్రేలు (పేరుతో వెతికే జాబితాలు) అందులో లేవు. ఉబుంటులో /బిన్/ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే చిన్న షెల్, జంట చదరపు బ్రాకెట్లు దానికి తెలియవు.

ఓఎస్ పేరు నిజంగా అవసరమయ్యేది ప్రోగ్రాము ముక్కలను కలిపే లింకర్ దగ్గర. లైబ్రరీ ఫైలు, దానికిచ్చే పేరు, దాన్ని వెతికే చోటు రాసే తీరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. లినక్స్‌లో .ఎస్‌ఓ, సోనేమ్, డాలర్ ఆరిజిన్, మ్యాక్‌లో .డైలిబ్, ఇన్‌స్టాల్_నేమ్, @లోడర్_పాత్. వీటికి కేస్ బ్లాకే సరైన చోటు. చివరి స్టార్ కొమ్మలో మాత్రం లినక్స్ అనుకుని ముందుకు పోనివ్వకండి, వచ్చిన పేరు ప్రింట్ చేసి ఎగ్జిట్ 1 ఇవ్వండి. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఓఎస్‌లో ఎవరో బిల్డ్ చేసిన రోజున, వంద లైన్ల కింద వచ్చే లింకర్ ఎర్రర్ కంటే ఆ ఒక్క లైను ఎంతో నయం.