జింజర్ బీర్‌కి ఏ పాత్ర మేలు? గాజా, స్టీలా, ప్లాస్టిక్కా... మన సీమ ఎండల్లో

మార్చి దాటిందంటే చాలు, అందరూ ఇదే అడుగుతాండారు. ఇంట్లో జింజర్ బీర్ పెట్టుకోవాలంటే గాజు జార్ కొనాలా, స్టీలు క్యాన్ కొనాలా, ఆన్‌లైన్‌లో దొరికే ట్యాప్ ఉన్న ప్లాస్టిక్ బకెట్ చాలదా అని. కొంతమంది అసలు బీరే కాచుకుంటామంటారు, కానీ మన ఆంధ్రలో లైసెన్సు లేకుండా ఇంట్లో మందు తయారు చేయడం నేరం, కాబట్టి నేను దాని జోలికి పోను. నేను చెప్పేది అల్లం, చక్కెర, నిమ్మరసం పులియబెట్టి చేసే గ్యాస్ డ్రింకు, జింజర్ బీర్ గురించే. దీన్ని పులియబెట్టడానికి వేసే తోడును బగ్ అంటారు, అల్లం, చక్కెర నీళ్ళలో నానబెట్టి పెంచేది. అది ఎట్ల తయారు చేయాలో ఇక్కడ చెప్పను, నేరుగా పాత్ర సంగతికి వస్తా.

వీడియోలు చాలావరకు చలి దేశాలోళ్ళవి, వాళ్ళ బాధంతా పాత్రను వెచ్చగా ఎట్ల ఉంచాలా అని. మన బాధ దానికి పూర్తిగా ఉల్టా. ఏప్రిల్లో అనంతపురంలో 40 డిగ్రీలు మామూలే, స్లాబు ఇల్లయితే రాత్రి పదైనా గోడలు సెగ కొడతాంటాయి. పులియబెట్టే ఈస్ట్ అనే సూక్ష్మజీవికి 20 నుంచి 25 డిగ్రీలుంటే బాగుంటాది. 35 దగ్గరికి పోయిందంటే గబగబా పొంగి, అల్లం వాసన అణిగిపోయి, పులుపు ముదిరి, ఒక్కోసారి పెయింటు థిన్నర్ లాంటి ఘాటు వస్తాది. పైగా పులిసేటప్పుడు ఈస్ట్ కూడా కొంచెం వేడి పుట్టిస్తాది. అందుకే పాత్ర కొనేటప్పుడు దాని అందం, ట్యాపు, ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానీయని బిరడా) ఇవన్నీ తర్వాత, ఫ్రిజ్ లేకుండా దీన్ని చల్లగా ఉంచగలమా లేదా అనేది ముందు చూసుకోవాల.

దీంట్లో స్టీలుకి తిరుగులేదు. మూత ఉన్న 5 లీటర్ల స్టీలు క్యాన్ తీసుకుని, వెడల్పాటి బేసిన్‌లో నాలుగు వేళ్ళ మందం నీళ్ళు పోసి అందులో నిలబెట్టి, పాత నూలు పంచె తడిపి చుట్టూ చుట్టి, దాని కొసలు నీళ్ళలో మునిగేట్టు వదిలి ఫ్యాన్ కింద పెట్టండి. పంచె కింది నుంచి నీళ్ళు పీల్చుకుంటూ ఉంటాది, ఆ తడి ఆరేకొద్దీ క్యాన్ చల్లబడతాది. సాయంత్రానికి పంచె పక్కకు తీసి చెయ్యి ఆనిస్తే జిల్లుమంటాది, గదిలో మాత్రం ఉక్కపోతే. మన గాలి పొడిగా ఉంటాది కాబట్టే ఇది ఇంత బాగా పని చేస్తాది, విజయవాడ, వైజాగ్ పక్క తేమ గాలికి ఇంత చల్లబడదు. ఈ ఒక్క విషయంలో మన కరువు సీమే నయం! తడి పంచె గాజు జార్‌కి కూడా చుట్టొచ్చు, కానీ గాజు మందంగా ఉంటాది, లోపలి వేడి బయటికి రావడానికి టైం పడతాది. ప్లాస్టిక్ అయితే ఇంకా నిదానం.

కడగడానికి కూడా స్టీలే సుఖం, మరిగే నీళ్ళు నేరుగా పోసేయొచ్చు, మామూలు గాజు జార్‌లో అట్ల పోస్తే ఠప్పున పగలొచ్చు. బ్లీచింగ్ మాత్రం స్టీలుకి వాడొద్దు, సన్న సన్న గుంతలు పడతాయి. కొనేటప్పుడు 304 (తొందరగా తుప్పు పట్టని మంచి రకం స్టీలు) అని ముద్ర ఉందేమో చూడండి. అంగట్లో అయస్కాంతం పెట్టి చూపించి, అంటుకోలేదు కదా, ఇది 304 అంటారు, నమ్మొద్దు, చవక రకం 200 సిరీస్‌కి కూడా అయస్కాంతం అంటుకోదు.

గాజును తీసి పారేయమనడం లేదు. లోపల బుడగలు వస్తాండాయా, పైన బూజు పట్టిందా, అడుగున మడ్డి దిగిందా అనేది గాజులోనే కనపడతాది, స్టీలులో మూత తీస్తే గానీ తెలియదు. అందుకే బగ్ మాత్రం నేను చిన్న గాజు సీసాలోనే పెంచుతా. ఫ్రిజ్‌లో చోటున్నోళ్ళకి, లేదా డిసెంబరు, జనవరిలో మాత్రమే చేసుకునేవాళ్ళకి మొత్తం గాజులోనే చేసుకున్నా ఏం నష్టం లేదు.

ప్లాస్టిక్ బకెట్ చవక, అంతే. గీతలు పడితే అందులో క్రిములు దాక్కుంటాయి, అల్లం వాసన ఒకసారి పట్టిందంటే వదలదు. ఊరగాయ జాడీలు వద్దు, పాతవాటి పూతలో సీసం ఉండొచ్చు, పులుపుకి అది కరుగుతాది. మట్టి కుండ అంబలికి బంగారం, కానీ చక్కెర నీళ్ళు దాని సన్న రంధ్రాల్లోకి ఇంకితే ఎంత కడిగినా పోదు. అల్యూమినియం, రాగి, ఇత్తడి అసలే వద్దు.

పులిసేటప్పుడు ఏ పాత్రైనా మూత గట్టిగా బిగించొద్దు, గ్యాస్ పోవాల. నీళ్ళు మున్సిపాలిటీవైతే కాచి చల్లార్చి వాడండి, క్లోరిన్ ఉంటే బగ్ డీలా పడతాది. బోరు నీళ్ళకి లోపల తెల్ల పొర కడతాది, నిమ్మచెక్కతో రుద్దితే పోతాది.

చివరికి సీసాల్లోకి పోసి మూత బిగించేటప్పుడు మాత్రం స్టీలూ వద్దు గాజూ వద్దు, ఖాళీ కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలే మేలు. మన ఎండకి గ్యాస్ చాలా తొందరగా పెరుగుతాది, గాజు సీసా పేలిందంటే ముక్కలు కంట్లోకి వస్తాయి, పిల్లలున్న ఇంట్లో ఆ పని చేయనే చేయొద్దు. ప్లాస్టిక్ సీసా అయితే వేలితో నొక్కి చూస్తే చాలు, సొట్ట పడకుండా గట్టిగా తగిలిందంటే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. వేసవిలో ఒక్క రోజుకే అట్ల గట్టిపడొచ్చు, పొద్దున పోసినవి సాయంత్రం ఒకసారి నొక్కి చూడండి. ఎక్కువ రోజులు బయటే ఉంచితే దీంట్లో కూడా ఆల్కహాల్ పెరుగుతాది, పిల్లలకి ఇచ్చేవాళ్ళు అది కూడా చూసుకోండి.