సిలికాన్ నియాన్ అని చెప్పి పీవీసీ అంటగట్టారు: విజయవాడలో కొనేవాళ్లు చూసుకోండి

ఇనుప తుక్కు, చెక్క, అక్రిలిక్‌తో శిల్పాలు చేసి నియాన్ వెలుగు బిగించేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. విజయవాడలో ఒక దుకాణం సిలికాన్ నియాన్ ఫ్లెక్స్ అని చెప్పి, ఆ రేటే తీసుకుని, 5 మీటర్ల పీవీసీ చుట్ట ఇచ్చింది. వాపసు అడిగితే కోసిన సరుకు వెనక్కి తీసుకునేది లేదన్నారు.

పేరుకే నియాన్, ఇందులో గ్యాసు ఉండదు. ఎల్ఈడీ పట్టీకి వేసిన తొడుగు, అంతే. అసలు నియాన్‌కి గాజు గొట్టం, వేల వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కాబట్టి ఇక్కడ మనం ఎక్కువ డబ్బు పెట్టేది ఆ తొడుగు నాణ్యతకే. పీవీసీ మన ఎండలకి పసుపెక్కి, బిరుసెక్కి, వంపుల దగ్గర పగులుతుంది.

కొనేముందు తొడుగు నుంచి చిన్న ముక్క కోయించి, ఆరుబయట అంచు కాల్చి చూడండి. సిలికాన్ అయితే తెల్లటి బూడిద మిగులుతుంది. పీవీసీ నల్లగా మాడి, ముక్కు మండే పొగ వదులుతుంది. ఆ పొగ పీల్చకండి. ముక్క ఇవ్వనంటే ఆ దుకాణంలో కొనకండి.

రెండో మోసం అడాప్టర్‌లో ఉంది. మీటరుకి 10 వాట్లు లెక్కేస్తే 5 మీటర్లకి 50 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 4 ఆంపియర్ల పైమాటే. 5 ఆంపియర్లది తీసుకోవాలి. వీళ్లు చేతిలో పెట్టింది 2 ఆంపియర్లది! అది వేడెక్కి వెలుగు మిణుకుతుంది. స్టిక్కర్‌ని నమ్మొద్దు. చుట్ట మొత్తం అరగంట వెలిగించి, అడాప్టర్ దగ్గర మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెట్టండి. 12 కాస్తా 10కి జారితే తిరిగిచ్చేయండి. అడాప్టర్ దగ్గర సరిగ్గా ఉండి చుట్ట చివర మాత్రమే మసకబారితే తప్పు అడాప్టర్‌ది కాదు, రెండు చివర్లా కరెంటు ఇవ్వండి.

ఒక ముక్క ఆరిపోతే దాని పొడవు కొలవండి. 12 వోల్టుల రకంలో మూడేసి ఎల్ఈడీలు ఒకే వరుసలో ఉంటాయి, అందులో ఒక్కటి తెగినా మూడూ పోతాయి. మీటరుకి 120 ఎల్ఈడీలుంటే సరిగ్గా 2.5 సెంటీమీటర్ల చీకటి కనిపిస్తుంది. దీనికి తరచూ కారణం మెలితిప్పడమే. ఫ్లెక్స్ ఒక్క దిశలోనే వంగుతుంది, ఆ దిశ ఏదో కొనేటప్పుడే అడగండి. వెల్డింగ్, రంగు అయ్యాకే బిగించండి, తుక్కు అంచులు ఆకురాయితో నున్నగా రుద్దండి. మామూలు క్విక్‌ఫిక్స్ సిలికాన్‌కి పట్టదు, సిలికాన్ గమ్మే వాడాలి. వెనిగర్ వాసన వచ్చే గమ్ము మాత్రం రాగిని తినేస్తుంది, సోల్డర్ చేసినచోట అది వద్దు.

బిల్లు మీద "సిలికాన్" అనే మాట, వోల్టులు, మీటరుకి వాట్లు రాయించుకోండి. అవి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసేటప్పుడు మీ మాటకి ఆధారం ఉంటుంది.