చదవలేని డిస్కు నుంచి ఏడేళ్ల పెళ్లి ఫొటోలు: జీఎన్‌యూ డీడీరెస్క్యూతో నా అనుభవం

మాది తణుకులో చిన్న ఫొటో స్టూడియో. 2013 నుంచి 2019 దాకా తీసిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు అన్నీ డెస్క్‌టాప్‌లోని ఒక టీబీ హార్డ్‌డిస్కులో ఉండేవి. కొన్నింటికి డీవీడీలున్నాయి, చాలావాటికి లేవు.

ఈ శ్రావణంలో ఒకాయన వచ్చి, "అన్నా, నాన్నగారు పోయారు. పెద్దకర్మకి ఫ్రేమ్ కట్టించాలి. మా చెల్లి పెళ్లిలో మీరు తీసిన కన్యాదానం ఫొటో ఉంటుంది కదా" అన్నాడు. అప్పటికి ఇంకా నాలుగు రోజులే టైముంది. ఆయన ముందే ఫోల్డర్ తెరిచాను. స్నాతకం, గౌరీపూజ బాగానే వచ్చాయి. కన్యాదానం దగ్గరికి వచ్చేసరికి చిన్న బొమ్మలు రావడం ఆగిపోయింది. డిస్కు గర్రుమంది, కాసేపు ఆగింది, మళ్లీ గర్రుమంది. కాపీ చేయబోతే సైక్లిక్ రిడండెన్సీ చెక్ (డిస్కులో ఉన్నది సరిగ్గా చదవలేకపోయానని) ఎర్రర్ వచ్చింది. రేపు రమ్మని ఆయన్ని పంపించాను గానీ ఆ రోజు అన్నం సహించలేదు.

డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టి చూస్తే పసుపు రంగులో కాషన్ అని ఉంది. కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్ ఎదురుగా 28. సెక్టర్ అంటే డిస్కులో డేటా ఉండే చిన్న గడి. ఆ అంకె హెక్సాలో (పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో) ఉంటుంది, అంటే మన లెక్కలో 40. ఊళ్లో ఒక షాపుకి తీసుకెళ్తే అడగకుండానే విండోస్‌లో ఉండే చెక్‌డిస్క్ అనే రిపేర్ టూల్ పెట్టేశారు. గంటసేపు 12 శాతం దగ్గరే నిలబడిపోయింది. "ఫార్మాట్ కొట్టేస్తే బ్యాడ్ సెక్టర్లు పోతాయండీ" అన్నారు. ఆపించి ఇంటికి తెచ్చుకున్నాను. మళ్లీ చూస్తే 58, అంటే 88. ఆ గంట వల్లే పెరిగిందని గట్టిగా చెప్పలేను. నీరసించిన డిస్కుని అలా పరిగెత్తించడం మాత్రం తప్పే.

కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను.

"ఏరా, ఈ బ్యాడ్ సెక్టర్లు తీసేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?"

"తీసేయడం సంగతి తర్వాత మావయ్యా. ముందు కంప్యూటర్ ఆపెయ్యి. దాని మీద ఇంకొక్క అక్షరం కూడా రాయొద్దు. పెండింగ్ అంటే అక్కడ ఉన్నది డిస్కు చదవలేకపోతోందని. దాని మీద కొత్తగా ఏదైనా రాస్తే అప్పుడు ఆ చోటు పనికొస్తుందో లేదో తేల్చుకుని, పనికిరాకపోతే పక్కన దాచిన స్పేర్ సెక్టర్‌కి మారుతుంది. ఫుల్ ఫార్మాట్ చేస్తే ఆ అంకె సున్నా అవుతుంది, నీ ఫొటోలూ సున్నా అవుతాయి."

పదేళ్లుగా కంప్యూటర్ ముందే కూర్చుంటున్నా ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. చెక్‌డిస్క్ బాగుచేసేది ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పట్టికని. లోపలి ఫొటో దానికి పట్టదు. పైగా ఆ పాడైన డిస్కు మీదే మార్పులు రాస్తుంది. చదవగలిగినదంతా ముందు వేరే డిస్కులోకి తెచ్చుకోవాలి. ఆ పని కోసమే రాసిన ప్రోగ్రామ్ జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఆంటోనియో డియాజ్ డియాజ్ రాశారు, పూర్తిగా ఉచితం. దాదాపు ఇదే పేరుతో డీడీ అండర్‌స్కోర్ రెస్క్యూ అని ఇంకొకటుంది, అది వేరు. ఉబుంటులో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. నేను సిస్టమ్ రెస్క్యూ అనే లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి బూట్ చేశాను, అందులో ఇది ముందే ఉంటుంది. కొత్త రెండు టీబీ డ్రైవ్ ఒకటి మాత్రం కొనాల్సి వచ్చింది.

మామూలు కాపీలో చదవని చోటు తగిలితే అక్కడే వేలాడుతుంది, ఆ తర్వాత ఉన్న మంచి ఫైళ్లు కూడా ఆగిపోతాయి. డీడీరెస్క్యూ అలా చేయదు. మొదట పెద్ద పెద్ద ముక్కలుగా చదువుకుంటూ పోతుంది. ఎర్రర్ తగిలితే ఆ చోటు గుర్తుపెట్టుకుని ముందుకి దూకుతుంది. తేలిగ్గా వచ్చేదంతా చేతికొచ్చాక వెనక్కి వచ్చి, వదిలేసిన చోట్ల అంచులు కోస్తుంది. ఆ తర్వాత మిగిలిందాన్ని ఒక్కో సెక్టర్ చొప్పున గీరుతుంది. డిస్కు ఎప్పుడు పూర్తిగా పోతుందో తెలియనప్పుడు ఈ వరసే సరైంది, మధ్యలో పోయినా అప్పటికే మంచి భాగం మన దగ్గరుంటుంది. నేను మొదటిసారి గీరే పని వద్దని మైనస్ ఎన్ పెట్టి నడిపాను. రెండోసారి మైనస్ డీ (డిస్కుని నేరుగా చదవమని), మైనస్ ఆర్ 3 పెట్టి, రానివాటిని మూడుసార్లు మళ్లీ ప్రయత్నించమన్నాను.

దీని గుర్తంతా మ్యాప్‌ఫైల్ అనే చిన్న ఫైల్‌లో ఉంటుంది. చదివిన చోటికి ప్లస్, చదవలేకపోయిన చోటికి మైనస్, ఇంకా ముట్టని చోటికి ప్రశ్నార్థకం. దీని విలువ నాకు ఆ రాత్రే తెలిసింది. 61 శాతం దగ్గర కరెంటు పోయింది. యూపీఎస్ పది నిమిషాలు అరిచి ఆగిపోయింది. నాకు గుండె జారిపోయింది. కరెంటు వచ్చాక అదే కమాండ్ మళ్లీ కొడితే 61 దగ్గర నుంచే మొదలుపెట్టింది. అందుకే మ్యాప్‌ఫైల్ పేరు ఇవ్వకుండా దీన్ని ఎప్పుడూ నడపకండి. ఆ ఫైల్ కొత్త డ్రైవ్‌లో ఉండాలి. లైవ్ పెన్‌డ్రైవ్‌లో హోమ్ ఫోల్డర్ అంటే అది ర్యామ్, కరెంటు పోతే అదీ పోతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. నల్ల తెర, కమాండ్లు టైపు చేయాలి, ఏ బటనూ ఉండదు. అన్నిటికంటే భయం, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది తిరగేస్తే మంచి డిస్కు మీద చెత్త పడుతుంది. ముందు డిస్కుల జాబితా చూపించే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి సైజులు చూసుకోండి. నా పాతది 931.5జీ అని, కొత్తది 1.8టీ అని చూపింది. కాగితం మీద రాసుకుని, మేనల్లుడికి వాట్సాప్‌లో ఫొటో పంపి, వాడు సరే అన్నాకే ఎంటర్ కొట్టాను. డిస్కు నుంచి డిస్కుకి కాకుండా డిస్కు నుంచి ఇమేజ్ ఫైల్‌లోకి (డిస్కు మొత్తం నకలు ఒకే ఫైల్‌గా) తీశాను, అది కాస్త నిమ్మళం. ఆ ఫైల్ ఒక టీబీ ఉంటుంది కాబట్టి కొత్త డ్రైవ్ ఎఫ్‌ఏటీ32లో (అంత పెద్ద ఫైల్ పట్టని పాత ఫార్మాట్‌లో) ఉంటే కుదరదు. ఇంకో మాట, డిస్కు టక్‌టక్‌మని కొట్టుకుంటున్నా, అసలు కంప్యూటర్‌కి కనపడకపోయినా ఇది వాడకండి. అది హెడ్ (డిస్కుని చదివే భాగం) లాంటిదేదో పోయిన కేసు కావచ్చు, క్లీన్‌రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న ల్యాబ్‌కే వెళ్లాలి.

తెల్లారేసరికి 99.99 శాతం. డిస్కులో ఉన్న 195 కోట్ల పైచిలుకు సెక్టర్లలో రానివి 120, అంతా కలిపి 61,440 బైట్లు. కానీ ఆ 120 ఎవరి ఫొటోల్లో ఉన్నాయో శాతం చెప్పదు కదా. దానికీ ఒక ఉపాయం ఉంది. ఫిల్ మోడ్ అని ఉంటుంది. ఇమేజ్‌లో ఖాళీగా మిగిలిన చోట్లలో మనం ఇచ్చిన మాట నింపుతుంది. తర్వాత ఆ మాట ఏ ఫైళ్లలో ఉందో గ్రెప్ అనే వెతికే కమాండ్‌తో చూడాలి. నాకు మూడు ఫొటోలు, ఒక వీడియో దొరికాయి. మిగతా దెబ్బ ఖాళీ జాగాలో పడింది. ఆ కుటుంబాలకి ఫోన్ చేసి ఉన్న విషయం చెప్పాను.

ఆ మూడింట్లో ఒకటి కన్యాదానమే. పై సగంలో పెద్దాయన ముఖం, జరీకండువా బాగున్నాయి. చేతుల దగ్గర నుంచి కిందంతా బూడిదరంగు పట్టీ. కానీ నీళ్లు వదిలేటప్పుడు నేనెప్పుడూ మూడు ఫ్రేములు వరసగా కొడతాను. పక్కనున్న మూడోది తెరిచాను. చెంబు అంచు నుంచి జారుతున్న నీటి ధార, కింద కూతురి వేళ్లు, ఆయన కళ్లల్లో తడి, ఏదీ పోలేదు. మధ్యాహ్నానికి 12 బై 18 ప్రింట్ తీసి ఫ్రేమ్ కట్టించి పంపించాను.