థీమ్ పార్కుకి మన స్ట్రోలరా, అద్దెదా, బేబీ క్యారియరా?

పెద్ద థీమ్ పార్కులో రోజంతా తిరిగితే పది కిలోమీటర్ల నడక మామూలే. ఇంట్లో స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) ఎక్కడం ఎప్పుడో మానేసిన అయిదేళ్ల పిల్ల కూడా మధ్యాహ్నం మూడయ్యేసరికి ‘ఎత్తుకో’ అని చేతులు చాపుతుంది. అందుకని ‘మావాడు నడుస్తాడులే’ అన్న ధీమా వద్దు.

అద్దె స్ట్రోలర్ గేటు దగ్గర దొరుకుతుంది. చాలాచోట్ల గట్టి ప్లాస్టిక్ సీటు, వెనక్కి వాలదు. మెలకువగా ఉన్న నాలుగైదేళ్ల పిల్లలకి భేషుగ్గా ఉంటుంది. నిద్రపోతే మాత్రం తల పక్కకి వేలాడుతుంది, కాసేపటికే లేచి రాగం తీస్తారు. సొంతంగా కూర్చోలేని పసివాళ్లని అందులో అసలు పెట్టకూడదు. అసలు ఇబ్బంది రాత్రి తెలుస్తుంది: బండి గేటు దగ్గరే ఇచ్చేయాలి. అక్కణ్ణుంచి పార్కింగ్ దాకా నిద్రలో ఉన్న పిల్లని భుజాన మోయాల్సిందే. ఆ దూరం ఎంతో ముందే చూసుకోండి.

మూడేళ్లలోపు పిల్లలుంటే మన స్ట్రోలరే మేలు. సీటు వాలుతుంది, పైన కప్పు ఉంటుంది, రూము దాకా వస్తుంది. ఒంటిచేత్తో మడిచే తేలికపాటిదైతే మరీ మంచిది, బస్సు ఎక్కేటప్పుడు రెండో చేతిలో పిల్ల ఉంటుంది కదా! కొలతలు కూడా చూసుకోవాలి. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 79 సెంటీమీటర్ల వెడల్పు, 132 సెంటీమీటర్ల పొడవు దాటిన స్ట్రోలర్‌ని రానివ్వరు. పిల్లల్ని కూర్చోబెట్టి లాగే వ్యాగన్లని 2019 మే నుంచే నిషేధించారు.

రైడ్ బయట స్ట్రోలర్ పెట్టి వెళితే, తిరిగొచ్చేసరికి అక్కడ ఉండకపోవచ్చు. ఎవరో ఎత్తుకెళ్లారని కంగారు పడకండి, సిబ్బంది వరసలు సర్దుతూ పక్కకి జరిపి ఉంటారు. ఒకేలాంటి నల్ల బండ్లు యాభై ఉంటాయి గనక హ్యాండిల్‌కి ముదురు రంగు రిబ్బన్ కట్టండి. పర్సు, పాస్‌పోర్టు మాత్రం అందులో వదలొద్దు.

మరి పిల్లని ఒంటికి కట్టుకుని మోసే బేబీ క్యారియర్? దాని ఉపయోగమంతా క్యూలోనే. చాలా క్యూల్లోకి స్ట్రోలర్ రానివ్వరు, నిద్రపోతున్న ఏడాది పిల్లని లేపి ఎత్తుకోవాలి. క్యారియర్‌లో ఉంటే ఆ నిద్ర చెడదు. అయితే చాలా రైడ్లలో ఎక్కేముందు పిల్లని అందులోంచి తీసి ఒళ్లో కూర్చోబెట్టుకోమంటారు. పైగా ఎండలో ఇద్దరి ఒంటి వేడీ ఒకటై, ఇద్దరూ తడిసి ముద్దవుతారు. పన్నెండు కిలోల పిల్లని గంట మోస్తే నడుం పట్టేస్తుంది. కాబట్టి ఏడాదిలోపు పిల్లలకి మన స్ట్రోలర్, దాని కింది బుట్టలో మడిచిపెట్టిన క్యారియర్, రెండూ ఉండాలి. క్యారియర్‌లో పిల్ల మొహం మీకు కనబడుతూ ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు.

ఏ స్ట్రోలర్ తీసుకున్నా రెండు తప్పులు చేయొద్దు. నీడ కోసమని పైనుంచి దుప్పటి కప్పేస్తే గాలి ఆడక లోపల వేడి పెరుగుతుంది. క్లిప్పుతో బిగించే గొడుగు పెట్టండి. బరువైన సంచి హ్యాండిల్‌కి తగిలిస్తే పిల్ల కూర్చున్నంతసేపూ బాగానే ఉంటుంది, దింపిన మరుక్షణం బండి వెనక్కి తిరగబడి నీళ్ల సీసాలన్నీ దొర్లుతాయి. బరువంతా కింది బుట్టలోనే పెట్టండి.