జాన్ స్లోన్ ఎచింగ్‌ల నకళ్లు: పెద్ద సైజు వద్దు

అమెరికన్ చిత్రకారుడు జాన్ స్లోన్ 1905, 1906 సంవత్సరాల్లో న్యూయార్క్ నగర జీవితంపై చేసిన పది ఎచింగ్‌ల (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసిన బొమ్మల) వరుసలోంచి కొన్నింటి నకళ్లను ఒక ఆన్‌లైన్ దుకాణం ద్వారా తెప్పించుకున్నాను. మూలచిత్రాలు ఒక్కొక్కటి సుమారు 5 అంగుళాల ఎత్తు, 7 అంగుళాల వెడల్పు మాత్రమే ఉంటాయి. పోలిక కోసం ఒకదాన్ని గోడకు తగిలించే పెద్ద సైజులో తీసుకున్నాను. ఆ పెద్ద ప్రతికి పెట్టిన డబ్బు దండగే.

ఎచింగ్‌లో రేకు మీద మైనం పూత పూసి సూదితో గీస్తారు. పూత లేచిన చోటల్లా ఆమ్లం లోహాన్ని తినేస్తుంది. ఆ గాడుల్లో నింపిన సిరా, ప్రెస్సు ఒత్తిడికి తడి కాగితం మీదికి ఎక్కి, వేలికి తగిలీ తగలనంత ఎత్తున నిలుస్తుంది. నకలులో ఆ ఎత్తు ఎలాగూ రాదు. చిన్న సైజులోనైతే గీతల సాంద్రతైనా మిగులుతుంది. సైజు పెంచేసరికి గీతకూ గీతకూ మధ్య ఎడం పెరిగి, చీకటి కాస్తా బూడిద రంగు మరకగా మారిపోయింది.

మూల పరిమాణంలో వచ్చినవి మాత్రం బాగున్నాయి. ‘వేసవి రాత్రి, ఇంటి కప్పులు’ అన్నదాన్ని ఎంతసేపైనా చూడవచ్చు. ఉక్క భరించలేక జనం పక్కలు పైకి తెచ్చుకొని పడుకున్నారు. అందరూ ఒళ్లు మరిచి నిద్రపోతుంటే, ఒక మగవాడు మాత్రం మేలుకొని, తన భార్య కాని స్త్రీ వైపు చూస్తుంటాడు. ఎండాకాలంలో డాబా మీద వరుసగా పక్కలు వేసుకున్న మనవాళ్లకు ఈ బొమ్మను ఎవరూ వివరించనక్కరలేదు. ‘దీపం ఆర్పుతూ’ అన్నదానిలో మంచం మీది స్త్రీ గ్యాసు దీపానికి చెయ్యి చాస్తుంది, అంతే. 1906లో అమెరికన్ వాటర్ కలర్ సొసైటీ ఈ వరుసలో నాలుగింటిని అసభ్యమని తిప్పి పంపింది. ఫిలడెల్ఫియా పత్రికల్లో బొమ్మలు వేసి వచ్చిన స్లోన్ చూపు, పెద్దమనుషులకు కొరుకుడుపడలేదన్నమాట.

అదే దుకాణంలో దొరికిన ఫ్రిట్జ్ ఐకెన్‌బర్గ్ అనే చిత్రకారుడి వుడ్ ఎన్‌గ్రేవింగ్ (చెక్క మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మ) ‘సబ్‌వే’ (1934) నకలు, నిజం చెప్పాలంటే, ఎచింగ్‌ల నకళ్లకన్నా మెరుగ్గా వచ్చింది. అడ్డంగా కోసిన గట్టి చెక్కపై ఉలితో తొలిచిన చోటు తెల్లగా, మిగిలినదంతా నల్లగా పడుతుంది కాబట్టి, రైల్లో కునికిపాట్లు పడుతున్న ఆ ప్రయాణికుల ముఖాల మీది సన్నని తెల్లగీతలను నకలు తీసే యంత్రం కూడా పెద్దగా పాడుచేయలేకపోయింది.

కాగితం మందంగా ఉంది, ప్యాకింగు బాగుంది. ఫ్రేములు మాత్రం నాసిరకం. అద్దం నేరుగా కాగితానికి ఆనుకొని ఉంటోంది. ప్రతులను ఫ్రేము లేకుండా తెప్పించుకొని, మీ ఊళ్లోనే చుట్టూ మందపాటి అట్ట పెట్టించి కట్టించుకోవడం మేలు.