నిద్రపోయిన కాటా: లినక్స్ రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్‌తో నాలుగు సీజన్లు

పర్లాకిమిడిలో మాది చింతపండు, జీడిపిక్కలు కొనే చిన్న దుకాణం. గుమ్మ, నువాగడ వైపు కొండల నుంచి సవరలు తెచ్చే సరుకును తూచి, ఒడియాలోనూ తెలుగులోనూ చీటీ తీసి ఇస్తాము. ఆ లెక్కంతా లినక్స్ ఉన్న ఒక పాత ల్యాప్‌టాప్‌లో, నేను రాసుకున్న ప్రోగ్రాము మీద నడుస్తుంది; యూఎస్‌బీ తీగతో కలిపిన కాటా నుంచి బరువు నేరుగా అందులోకి వస్తుంది. సరుకు దిగే మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే గాలివానలు వస్తాయి, కరెంటు పోతుంది. ఇన్వర్టరు కొనే స్తోమత మొదట్లో మాకు లేదు. కాబట్టి పనిలేని పరికరాలకు కరెంటు తగ్గించే కెర్నెల్ (లినక్స్‌లో పరికరాలన్నిటినీ నడిపే మూల భాగం) ఏర్పాటు మీదే సాయంత్రం దాకా దుకాణం నడవడం ఆధారపడి ఉండేది.

మూత వేస్తే యంత్రం మొత్తం నిద్రలోకి వెళ్లే పద్ధతి అందరికీ తెలిసినదే, దాని గురించి నేను చెప్పబోవడం లేదు. యంత్రం పనిచేస్తూ ఉండగానే, ఆ క్షణంలో అవసరం లేని పరికరాన్ని విడిగా నిద్రపుచ్చే రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ గురించే ఈ సమీక్ష. రఫాయెల్ వైసోకీ రూపొందించిన ఈ చట్రం 2009 డిసెంబరులో విడుదలైన 2.6.32 కెర్నెల్‌తో వచ్చింది. దీని పని తీరు నాకు మొదటి నుంచీ ఎంతో నచ్చింది. పరికరంతో పని ఉన్నప్పుడు దాన్ని నడిపే కెర్నెల్ భాగం, అంటే డ్రైవర్, ఒక లెక్కను పెంచుతుంది, పని తీరాక తగ్గిస్తుంది. లెక్క సున్నాకు వచ్చి, నిర్ణయించిన గడువు కూడా గడిస్తే పరికరం నిద్రపోతుంది. తన కింద ఉన్న పిల్ల పరికరాలన్నీ నిద్రపోతే గానీ, వాటిని కంప్యూటర్‌కు కలిపే పై కంట్రోలర్‌కు నిద్ర ఉండదు. చివరి మనిషి ఇల్లు చేరేదాకా వీధి తలుపు గడియ పెట్టని పెద్దవాళ్ల పద్ధతి అది.

మొదటి సీజన్‌లో నేను దీన్ని పొగిడి చెప్పని మనిషి లేడు. కరెంటు పోగానే పవర్‌టాప్ అనే కరెంటు పొదుపు ప్రోగ్రామును, పొదుపు అమరికలన్నీ ఒకేసారి పెట్టే ఆటోట్యూన్‌తో నడిపే చిన్న స్క్రిప్టు పెట్టుకున్నాను. యూఎస్‌బీ పరికరాలకు కెర్నెల్ మామూలుగా ఇచ్చే 2 సెకన్ల గడువు కాటాకు మరీ తక్కువనిపించి, అదే స్క్రిప్టులో 30 సెకన్లకు పెంచాను. అంతకు ముందు రెండున్నర గంటలు కూడా సరిగ్గా నిలవని బ్యాటరీ నాలుగు గంటలకు దగ్గరగా వచ్చింది. పాతపట్నంలో ఇలాంటి వ్యాపారమే చేసే మా బావగారికి కూడా ఆ స్క్రిప్టు ఇచ్చి వచ్చాను.

రెండో సీజన్ ఏప్రిల్‌లో ఒక సంత రోజున మధ్యాహ్నం గాలి లేచి కరెంటు పోయింది. ఒక సవర ముసలమ్మ జీడిపిక్కల మూట తెచ్చి కాటా మీద పెట్టింది. నేను ఎంటర్ నొక్కాను, ప్రింటరు చీటీ తీసింది. ఆమెకు చదువు రాదు, మనవడు చదివి చెప్పాడు: 31.2 కిలోలు. ఆమె డబ్బు తీసుకోలేదు. "నేనే మోసుకొచ్చాను బాబూ, ఈ మూట బరువు నా మెడకి తెలీదా?" అంది. మూట ఇంకా కాటా మీదే ఉంది. తల తిప్పి చూస్తే కాటా డిస్‌ప్లేలో ఎర్రటి అంకెలు 43.6 అని వెలుగుతున్నాయి, ల్యాప్‌టాప్ తెర మీద మాత్రం 31.2 ఉంది. ఆమెకు ముందు వచ్చిన మనిషి చివరి బస్తా సరిగ్గా 31.2 కిలోలే. మా నాన్నగారి కాలం నుంచి తూకం మీద మాట రాని దుకాణంలో, ఆమె కళ్ల ముందు ఆ రెండు అంకెలనూ చూస్తూ నిలబడ్డ క్షణం నేను మరచిపోలేదు. చీటీ చింపేసి, 43.6కే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

ఆ రాత్రి కరెంటు తీగ పీకి, 5 కిలోల రాయి పెడుతూ తీస్తూ కూర్చున్నాను. వెంట వెంటనే పెడితే బరువు సరిగ్గా వచ్చేది. ఒక నిమిషం ఆగి పెడితే కాటా డిస్‌ప్లే మారేది కానీ తెర మారేది కాదు. కాటాకు చెందిన పవర్ ఫోల్డరులో రన్‌టైమ్ స్టేటస్ ఫైలు తెరిస్తే అందులో 'సస్పెండెడ్' అని ఉంది. మా కాటా బరువు నిలకడ పడ్డప్పుడు ఒక్క వరుస మాత్రమే పంపే రకం, కెర్నెల్‌లో దాన్ని నడిపేది సీడీసీ ఏసీఎం అనే డ్రైవర్. ప్రోగ్రాము బరువు కోసం పోర్టు తెరిచి ఉంచినా ఈ డ్రైవర్ పరికరాన్ని నిద్రపోనిస్తుంది, అయితే ఒక షరతు మీద: చెప్పవలసింది ఏదైనా ఉంటే పరికరమే లేచి కంప్యూటర్‌ను పిలవగలగాలి. దీనినే రిమోట్ వేకప్ అంటారు. ఆ శక్తి తనకు లేదని పరికరం చెబితే, పోర్టు తెరిచి ఉన్నంతసేపు కెర్నెల్ దాన్ని నిద్రపుచ్చదు. మా కాటా తన వివరాల పట్టికలో ఆ శక్తి ఉన్నట్టు రాసుకుంది, నిజానికి అది పిలవదు. ఒక్కో బస్తా నమోదయ్యాక నా ప్రోగ్రాము కాటాకు సున్నా చేయమని ఆదేశం పంపుతుంది కాబట్టి ఆ ఆదేశంతో అది మేలుకునేది, తరువాతి బస్తాలన్నీ సరిగ్గా తూగేవి. నష్టపోయింది ఎప్పుడూ కాస్త వ్యవధి తరువాత వచ్చిన మనిషి మొదటి బస్తానే, అదీ కరెంటు లేనప్పుడే. అందుకే అంత కాలం ఎవరి కంటా పడలేదు.

మొదటి బస్తా తూకం, అంతకు ముందు మనిషి చివరి బస్తా తూకం ఒకటే అయిన చీటీలను పాత లెక్కల్లో వెతికితే 17 దొరికాయి. కొన్నిటిలో నష్టం మాదే, వాటిని వదిలేశాను. మిగతా వాళ్లకు కబురు పెట్టి, అసలు బరువు తెలిసే దారి లేదు కనుక ఆ మనిషి మిగతా బస్తాల్లో పెద్దదాని లెక్కన కట్టి ఇచ్చాను. ముగ్గురి డబ్బు ఇంకా చీటీ కట్టి గల్లాపెట్టెలో ఉంది.

తప్పు ఎవరిదని చాలా రోజులు ఆలోచించాను. పరికరం చెప్పిన మాటను కెర్నెల్ నమ్మింది. పైగా హబ్‌లు (ఒక పోర్టును పలు పోర్టులుగా చేసేవి) తప్ప చాలా యూఎస్‌బీ పరికరాలను కెర్నెల్ తనంతట తాను నిద్రపుచ్చదు, మేలుకునే ఉంచుతుంది. నిద్రపోనిచ్చే 'ఆటో' అమరికకు మార్చింది నా స్క్రిప్టే. ప్రోగ్రాములో బరువుతో పాటు అది వచ్చిన సమయాన్ని కూడా చూసి, పాతదైతే తీసుకోకుండా నేనే రాసి ఉండవలసింది, ఇప్పుడు రాశాను. అయినా నా మనసులో ఒక ఫిర్యాదు మిగిలే ఉంది. పరికరం ఊడిపోతే కెర్నెల్ జరిగినవి రాసుకునే లాగ్‌లో ఒక వరుస పడుతుంది, నిద్రలో ఉండి మాట మింగేస్తే ఒక్క అక్షరం కూడా పడదు. కెర్నెల్‌కు తెలిసే వీలు లేదని నాకు తెలుసు, కానీ డబ్బు లెక్క నడిచే చోట ఆ నిశ్శబ్దం చాలా ప్రమాదకరం.

నాలుగు గంటల బ్యాటరీ అని నేను చెప్పిన మాటను కూడా కొంత సవరించుకోవాలి. తరువాత ఒక్కొక్కటీ విడిగా మార్చి చూస్తే, లాభంలో ఎక్కువ భాగం తెర వెలుతురు తగ్గించడం వల్లా, వైఫై, డిస్కు పొదుపుల వల్లా వచ్చిందే. ఇప్పుడు యూడెవ్ (పరికరం తగిలించగానే దాని అమరికలు పెట్టే లినక్స్ భాగం) నియమంతో కాటా కంట్రోల్ ఫైలులో 'ఆన్', అంటే నిద్రపోవద్దు, అని ఉంచుతున్నాను; అది మేలుకుని ఉంటే పై కంట్రోలర్ కూడా మేలుకునే ఉంటుంది కాబట్టి బ్యాటరీలో ఇరవై నిమిషాల దాకా పోతోంది. ఆ ఇరవై నిమిషాలను నేను సంతోషంగా వదులుకుంటాను.

కరెంటు నిలకడగా ఉన్న ఊళ్లో, ఇన్వర్టరు ఉన్న దుకాణంలో ఈ ఏర్పాటు జోలికి పోవలసిన అవసరం నాకు కనిపించదు. మాకు కూడా నిరుటి నుంచి ఇన్వర్టరు ఉంది. అయినా కెమెరా, బ్లూటూత్, కార్డు రీడర్ మా ల్యాప్‌టాప్‌లో ఇప్పటికీ 'ఆటో'లోనే ఉన్నాయి, ఈ నాలుగేళ్లలో అవి ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. పాతపట్నంలో బావగారి కాటా వేరే రకం, నిమిషం ఆగి రాయి పెట్టినా వెంటనే లేచి బరువు చెబుతోంది. ఆయన స్క్రిప్టులో మాత్రం నేను ఏమీ మార్చలేదు.