బరంపురం పాత పుస్తకాల కొట్టులో శరత్ బాబు, కిలో లెక్కన

మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. అర తగ్గించింది దుమ్ముకి, ఒకటి ఎందుకు తగ్గించానో కింద చెప్తాను.

ఒడిశాలోని మన బరంపురంలో పెద్ద బజారు వైపు సందుల్లో ఉంది ఈ కొట్టు. బోర్డు లేదు, పేరూ లేదు, పక్కింట్లో అప్పడాలు చేసి అమ్ముతారు, ఆ ఇంగువ వాసన పట్టుకుని వెళ్ళిపోవడమే. ముందు గదినిండా ఒడియా గైడ్లు, బ్యాంకు పరీక్షల పుస్తకాలు. తెలుగువి కావాలని అడిగితేనే వెనక గది తలుపు తీస్తాడు, అక్కడ బియ్యం గోనెసంచుల్లో ఉంటాయి, మనమే కూర్చుని ఏరుకోవాలి. ఊళ్ళో పాత తెలుగు ఇల్లు ఏదైనా ఖాళీ చేస్తే ఒక సంచి వస్తుందట. పిల్లలు ఒడియా మీడియమో ఇంగ్లీషు మీడియమో చదివినవాళ్ళు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ అక్షరం రాదు, తాతగారి బీరువాతో ఏం చేసుకుంటారు మరి. కొట్టాయనదీ అదే కథ. నాతో చక్కగా మన గంజాం తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు, అందుకని ఎవరిచేతో చదివించుకుని అట్ట మీద పెన్సిల్‌తో ఒడియా అక్షరాల్లో గుర్తు రాసుకుంటాడు. బెంగాలీ రచయిత శరత్‌చంద్ర చటర్జీ పుస్తకాలు ఏడో ఎనిమిదో కనబడ్డాయి, అన్నిటి మీదా ఒకటే గుర్తు: దేవదాసు.

"ఇవన్నీ దేవదాసు కాదన్నయ్యా" అన్నాను.

"రాసినాయన ఆయనే కదేటి బాబూ, వచ్చినోళ్ళందరూ అదే అడుగుతారు" అన్నాడు.

ఆయన్ని అని ఏం లాభం, మనందరం చేసిందీ అదేగా. 1953లో దేవదాసు సినిమాలో నాగేశ్వరరావు దగ్గుతూ వచ్చి దుర్గాపురం గుమ్మంలో పడిపోయాక తెలుగువాళ్ళకి శరత్ అంటే సీసా, శాలువా, కుక్క. శరత్ మాత్రం ఆ పుస్తకం ఇరవైల వయసులో రాసి 1917 దాకా అచ్చుకి ఇవ్వలేదు, కుర్రతనపు రాత అని సిగ్గుపడ్డాడు కూడా. మదనపల్లె శానిటోరియంలో క్షయకి వైద్యం చేయించుకుంటూ బెంగాలీ నేర్చుకున్న చక్రపాణి ఆయన్ని తెలుగులోకి తెచ్చాక ఒక తరం మొత్తానికి శరత్ బెంగాలీ అన్న సంగతే గుర్తు లేదు. ఎవరి బాబాయో తెనాలిలో కూర్చుని రాసినట్టు చదివారు.

నేను కొన్నది శరత్ నవల శ్రీకాంత్, రెండో భాగం. 1918 నాటి పుస్తకానికి తెలుగు అనువాదం. కిలో అరవై రూపాయలు, కాటాలో పావు కిలోకి కొంచెం ఎక్కువ తూగింది, ఇరవై తీసుకున్నాడు. ముందు అట్ట లేదు, లోపలి పేజీ లేదు, అనువాదం ఎవరిదో తెలియదు, పాపం ఆ మనిషి.

దీని కోసమే ఎందుకు వెతికానంటే, ఇందులో రంగం ఉంది. ఇక్కడి పాతవాళ్ళు రంగూన్‌ని రంగం అనే అనేవారు. మా ముత్తాత గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగం వెళ్ళి బియ్యం మిల్లులో మూటలు మోశాడు. మన గంజాం నుంచి, చీకాకోలు (ఇప్పటి శ్రీకాకుళం) నుంచి ఎన్ని వేలమంది అలా వెళ్ళారో, అక్కడివాళ్ళు మనల్ని కొరంగీలు అనేవారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1903లో, చేతిలో డబ్బు లేని ఇరవయ్యారేళ్ళ శరత్ కూడా కలకత్తాలో ఓడెక్కి అక్కడికే వెళ్ళాడు. వెళ్ళేముందు కుంతలీన్ అనే తలనూనె కంపెనీవాళ్ళు పెట్టిన కథల పోటీకి మేనమామ పేరుతో ఒక కథ పంపితే దానికే మొదటి బహుమతి వచ్చింది. తలనూనె పుణ్యమా అని మొదలైన రచయిత!

రంగంలో గుమాస్తా ఉద్యోగం, మెకానిక్కులూ మేస్త్రీలూ ఉండే పేటలో కాపురం. వాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టడం, అర్జీలు రాయడం, హోమియోపతి మాత్రలు ఇవ్వడం. అక్కడే ఒక మేస్త్రీ కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు, ఆవిడా, ఏడాది పిల్లాడూ ప్లేగులో పోయారు. 1912లో ఇల్లు తగలబడి రాతప్రతులు కాలిపోయాయి. ఇది తెలిసి పుస్తకం పట్టుకుంటే ఏడిపించే రచయిత అన్న ముద్ర కాస్త పక్కకి జరుగుతుంది.

మొదట్లోనే ఓడ ఎక్కే ఘట్టం. డెక్కు మీద వెళ్ళే కూలీల్ని రేవులో వరసగా నిలబెట్టి ప్లేగు గడ్డలున్నాయేమో అని ఒళ్ళంతా తడిమి చూస్తారు, శ్రీకాంత్ కూడా ఆ వరసలోనే నిలబడతాడు. అవతలి ఒడ్డు చేరాక డెక్కు జనానికే క్వారంటైన్, ఆ మాటంటే అందరికీ దడ. మా మామ్మ, పిల్లలకి ఆటలమ్మ పోసి విడిగా పడుకోబెడితే "కారంటీన్‌లో పెట్టారు" అనేది. బళ్ళో అడుగుపెట్టని మనిషి. ఈ మాట ఎక్కడ పట్టుకొచ్చిందా అని ఎన్నేళ్ళో అనుకున్నాను, ఈ పేజీలు చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

ఆ ఓడ మీదే అభయ వస్తుంది. మొగుణ్ణి వెతుక్కుంటూ రంగం వెళ్తే అక్కడ ఆయనకి ఇంకో సంసారం ఉంటుంది, పైగా ఈమెని కొడతాడు. అభయ ఏడుస్తూ ఇంటికి తిరిగిపోదు, తనని ప్రేమించినవాడితో కాపురం పెట్టి, ఇందులో నా తప్పేంటో చెప్పమని శ్రీకాంత్‌ని నిలదీస్తుంది. ఆయన దగ్గర జవాబు ఉండదు. ఇవాళ్టి సీరియళ్ళలో ఆడవాళ్ళకి ఈ పాటి ఎదురుమాట రాయరు. దేవదాసు తాగి చావడం కంటే ఇదే ఎక్కువ కాలం నిలుస్తుందని నా ఉద్దేశం. శ్రీకాంత్ మనసిచ్చిన రాజలక్ష్మి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు కాస్త విసుగు పుట్టింది, దాచడం ఎందుకు.

ఇక ఆ ఒక్క నక్షత్రం సంగతి. 33 నుంచి 48 దాకా పదహారు పేజీల ఫారం ఒకటి మొత్తం లేదు, సరిగ్గా సముద్రంలో తుఫాను మొదలయ్యే చోట. మర్నాడు తీసుకెళ్ళి చూపిస్తే తూకం సరుకు వాపసు లేదన్నాడు. పైగా ఇంకో కాపీ వస్తే ఆ పేజీలు చింపి ఇస్తాను బాబూ, అన్నాడు చాలా మంచి మనసుతో. వద్దు మహాప్రభో అని దణ్ణం పెట్టాను.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తాడు, ఫోన్‌పే తీసుకుంటాడు, స్కూటర్ సందు మొదట్లోనే వదిలేయండి. మొదటి భాగం రెండో సంచిలో అడుగున ఉంది, నేను తీయలేదు. రెండోది ఇంకో కాపీ వస్తే కబురు చెయ్యమని నంబరు ఇచ్చి వచ్చాను, దయచేసి ముందెళ్ళి తన్నుకుపోకండి.